ముందు చక్రాల ఇంజన్, నాలుగు చక్రాల బండి

అమెరికాలోని ఇల్లినాయ్ రాష్ట్రంలో నార్మల్ అనే ఊరుంది. క్రైస్లర్, మిత్సుబిషి కలిసి అక్కడ పెట్టిన డైమండ్-స్టార్ మోటార్స్ ఫ్యాక్టరీ నుంచి 1990 మోడల్‌గా ఒకే కారు మూడు పేర్లతో బయటికొచ్చింది: మిత్సుబిషి ఎక్లిప్స్, ఈగిల్ టాలన్, ప్లిమత్ లేజర్. మూడింటినీ కలిపి అక్కడి కార్ల పిచ్చివాళ్లు డీఎస్ఎమ్ అంటారు. లేజర్ 1994తో, టాలన్ 1998తో, రెండో తరం ఎక్లిప్స్ 1999తో ఆగిపోయాయి. తర్వాత వచ్చిన ఎక్లిప్స్‌కి టర్బో లేదు, వెనక చక్రాలకు డ్రైవూ లేదు. నాలుగు చక్రాలనూ తిప్పే టర్బో డీఎస్ఎమ్ 1999 తర్వాత ఒక్కటి కూడా తయారవలేదు. కావాలంటే ఉన్నవాటినే బతికించుకోవాలి. ఆ అవసరంలోంచి ఒక విద్య పుట్టింది. ఫ్రంట్ వీల్ డ్రైవ్ కారులోంచి ఇంజన్ దించి, ఆల్ వీల్ డ్రైవ్ కారుకి ఎక్కించడం.

వినడానికి సాహసంలా ఉంటుంది గానీ, ఈ కారు విషయంలో అందుకు గట్టి ఆధారం ఉంది. రెండింటిలోనూ ఉన్నది 4జీ63 టర్బో ఇంజనే. బోరు 85 మి.మీ., స్ట్రోకు 88 మి.మీ., మొత్తం 1997 సీసీ. 1989లో ఫిన్లాండ్‌లో వెయ్యి సరస్సుల ర్యాలీని, బ్రిటన్‌లో ఆర్ఏసీ ర్యాలీని గెలిచిన గాలంట్ వీఆర్-4లో ఉన్నది ఈ ఇంజనే. 1996 నుంచి 1999 వరకు వరసగా నాలుగుసార్లు ర్యాలీ డ్రైవర్ టామీ మాకినెన్‌ని ప్రపంచ ఛాంపియన్‌ని చేసిన లాన్సర్ ఎవల్యూషన్‌లోనూ ఇదే. డీఎస్ఎమ్ మొదటి తరంలో ముందు చక్రాల టర్బో బండికి 190 హెచ్‌పీ, నాలుగు చక్రాల బండికి 195 హెచ్‌పీ అని కంపెనీ చెప్పింది. 1995 నుంచి మాన్యువల్ గేరుతో వచ్చిన ఎక్లిప్స్ జీఎస్-టీ, జీఎస్ఎక్స్ రెండింటికీ 210 హెచ్‌పీయే. జీఎస్-టీ ముందు చక్రాలది, జీఎస్ఎక్స్ నాలుగు చక్రాలది.

మరి తేడా ఎక్కడుంది? క్లచ్ తర్వాత. జీఎస్ఎక్స్ గేర్‌బాక్సులోనే ముందు, వెనక చక్రాలకు శక్తిని పంచే సెంటర్ డిఫరెన్షియల్ ఉంటుంది, దానికి తోడు ఆ రెండింటి వేగాల తేడాను అదుపులో ఉంచే విస్కస్ కప్లింగ్. గేర్‌బాక్సుకి బిగించిన ట్రాన్స్‌ఫర్ కేసులో బెవెల్ గేర్లు శక్తిని లంబంగా వెనక్కి తిప్పుతాయి. అక్కడి నుంచి మూడు ముక్కల ప్రొపెల్లర్ షాఫ్టు దాన్ని వెనక డిఫరెన్షియల్‌కి చేరుస్తుంది. ఏ చక్రానికి ఎంత అని తేల్చే కంప్యూటరేదీ ఇందులో లేదు, అంతా ఇనుమూ ఆయిలే. ఇంజన్ పని ఫ్లైవీల్ దగ్గరే ముగిసిపోతుంది. అవతల రెండు చక్రాలున్నాయా నాలుగున్నాయా అన్నది ఇంజన్‌కీ, దాన్ని నడిపే ఈసీయూకీ పట్టని సంగతి. ఈ విద్యంతా నిలబడింది ఆ ఒక్క సత్యం మీద.

అవసరం రావడానికి కారణం రెండు రకాల బళ్లూ రెండు రకాలుగా చావడం. మధ్య పశ్చిమ రాష్ట్రాల్లో శీతాకాలం రోడ్ల మీద ఉప్పు చల్లుతారు. ఆ ఉప్పుకి ముందు చక్రాల బండి అడుగు తుప్పు పట్టి జల్లెడైపోతుంది, ఇంజన్ మాత్రం బాగానే ఉంటుంది. నాలుగు చక్రాల బండి మీద యజమానికి ప్రేమ ఎక్కువ కాబట్టి ఒళ్లు బాగానే చూసుకుంటాడు. అయితే అదే ప్రేమతో ఇంజన్‌ని చావగొడతాడు. రెండో తరం ఇంజన్లకు క్రాంక్ వాక్ అనే జబ్బు కూడా పేరు మోసింది. క్రాంకు షాఫ్టు ముందుకూ వెనక్కూ జరగకుండా పట్టి ఉంచే థ్రస్ట్ బేరింగు అరిగిపోయి క్రాంకు నడవడం మొదలుపెడుతుంది. క్లచ్ తొక్కితే క్రాంకు ముందుకు జరుగుతుంది, పుల్లీ వైపున్న సెన్సరుని రాసుకుంటుంది, ఇంజన్ టక్కున ఆగిపోతుంది. జబ్బు ఎందుకొస్తుందన్న దాని మీద ఇప్పటికీ తెగని వాదాలున్నాయి. జబ్బు వచ్చిన బ్లాకు మాత్రం చాలాసార్లు తిరిగి పనికిరాదు.

అలా ఒకచోట మంచి ఇంజన్ ఉన్న పుచ్చిన బండి, ఇంకోచోట మంచి ఒళ్లున్న చచ్చిన బండి. రెండోది అరుదు కాబట్టి మొదటిది దాత అవుతుంది.

దాతని ఎంచుకోవడంలోనే సగం పని ఉంది. ఎక్లిప్స్ ఇంజన్ అని చూడగానే కొనేస్తే చిక్కే. 1995 నుంచి 1999 వరకు అమెరికాలో అమ్మిన టర్బో లేని కూపే ఎక్లిప్స్‌లో ఉన్నది క్రైస్లర్‌వారి 420ఏ. అది వేరే జాతి, జీఎస్ఎక్స్ గేర్‌బాక్సుకి కలవదు. 2001లో వచ్చిన ‘ది ఫాస్ట్ అండ్ ది ఫ్యూరియస్’ సినిమాలో పాల్ వాకర్ నడిపిన ఆ పచ్చ ఎక్లిప్స్‌ని చూసి ఈ కార్ల మీద మనసు పారేసుకున్నవాళ్లు మనవాళ్లలోనూ ఉన్నారు. ఆ బండిలో ఉన్నది టర్బో లేని 420ఏ, తిరిగేది ముందు చక్రాలే. మొదటి తరంలో టర్బో లేని చిన్న 1.8 లీటర్ల ఇంజన్ కూడా వేరేది. టర్బో లేని 4జీ63 ఒకటుంది, అది చూడ్డానికి కవల పిల్లే. కానీ దాని కంప్రెషన్ 9.0, మొదటి తరం టర్బోది 7.8, రెండో తరం టర్బోది 8.5. పిస్టన్ల అడుగుకి ఆయిలు చిమ్మి చల్లబరిచే జెట్లూ అందులో ఉండవు. దాన్నే ఎక్కించి టర్బో తగిలించేవాళ్లున్నారు, నేను సలహా ఇవ్వను. ముందు చక్రాల టర్బో దొరికేదాకా ఓపిక పట్టడమే మేలు.

దొరికాక చేతులతో చూడాల్సిన పరీక్ష ఒకటుంది. దాత బండిలో ఇంజన్ ఇంకా ఉండగానే ఒకరు క్లచ్ తొక్కి వదులుతుంటే రెండోవారు క్రాంకు పుల్లీ వైపు టార్చి వేసి చూడాలి. పుల్లీ కంటికి కనిపించేలా జరిగిందంటే ఆ ఇంజన్‌కి అక్కడే నమస్కారం. దించిన ఇంజనైతే డయల్ గేజు పెట్టి, క్రాంకుని ముందుకూ వెనక్కూ మీటి చూస్తారు. 0.05 నుంచి 0.18 మి.మీ. వరకు ఆట ఉండాలి, 0.25 దాటితే పనికిరాదు. వెంట్రుకంత తేడా మీద వేల డాలర్ల నిర్ణయం ఆధారపడుతుంది.

ఇంకో తేడా ఇంజన్ తయారైన కాలాన్ని బట్టి ఉంది. 1992 నడిమి వరకు వచ్చిన ఇంజన్లలో ఫ్లైవీల్‌ని క్రాంకుకి ఆరు బోల్టులు పట్టి ఉంచుతాయి, ఆ తర్వాతి వాటిలో ఏడు. ఆరు బోల్టుల ఇంజన్‌కి కనెక్టింగ్ రాడ్లు లావు, క్రాంక్ వాక్ భయం తక్కువ. అందుకే రెండో తరం జీఎస్ఎక్స్‌లో మొదటి తరం ముందు చక్రాల బండి ఆరు బోల్టుల ఇంజన్ పెట్టడం చాలామందికి ఇష్టమైన పని. అలా పెట్టినప్పుడు ఆరు బోల్టుల ఫ్లైవీలే కావాలి. పాత ఇంజన్ క్రాంకు, క్యాముల స్థానాన్ని హెడ్డు మీది ఒకే సెన్సరుతో చెబుతుంది, కొత్త ఈసీయూ రెండు వేర్వేరు సెన్సర్ల కోసం చూస్తుంది. పాత సెన్సరుకీ కొత్త ఈసీయూకీ పొత్తు కుదిర్చితే గానీ స్పార్కు రాదు. లాన్సర్ ఎవల్యూషన్ ఇంజన్ మీద ఆశపడేవాళ్లు నాలుగో ఎవల్యూషన్ నుంచి జాగ్రత్తపడాలి. 1996లో మిత్సుబిషి ఇంజన్నీ గేర్‌బాక్సునీ 180 డిగ్రీలు తిప్పి కూర్చోబెట్టింది, అది ఇక్కడ నేరుగా కూర్చోదు.

ఇక అసలు పని. దాత బండి గేర్‌బాక్సుతో మనకు పనిలేదు, అందులో వెనక్కి దారే లేదు. ఇంజన్‌ని విడదీసి తెచ్చి, పాత ఇంజన్ పక్కనే స్టాండు మీద నిలబెట్టాలి. ఇల్లరికం వచ్చిన అల్లుడికి ఆ ఇంటి బట్టలే పెట్టినట్టు, కొత్త ఇంజన్‌కి నాలుగు చక్రాల బండి సామానే తొడగాలి. ఆయిల్ సంపు, బ్రాకెట్లు, మౌంట్లు, వైరింగు, సెన్సర్లు ఒక్కొక్కటీ పాతదాన్నుంచి విప్పి కొత్తదానికి బిగించాలి. సంపు అంచు, బ్రాకెట్ల బోల్టు రంధ్రాలు పక్కపక్కన పెట్టి పోల్చుకోవాలి. ట్రాన్స్‌ఫర్ కేసు కూర్చునే చోట దాత బండి బ్రాకెట్ ఏదైనా మిగిలిపోయుంటే, అది బయటపడేది ఇంజన్ సగం దిగాక. అప్పుడు మళ్లీ పైకెత్తాల్సిందే.

బ్లాకుకీ గేర్‌బాక్సుకీ మధ్య రెండు చిన్న డోవెల్ పిన్నులుంటాయి. చిటికెన వేలి కొసంత ఉంటాయి, పాత ఇంజన్లోనో దాత గేర్‌బాక్సులోనో ఇరుక్కుని ఉండిపోతాయి. బోల్టులు బిగించేయొచ్చు గదా అని వాటిని వదిలేస్తే క్రాంకు మధ్యరేఖా గేర్‌బాక్సు ఇన్‌పుట్ షాఫ్టు మధ్యరేఖా కలవవు. బండి నడుస్తుంది, కొన్నాళ్లకు బేరింగు అరుస్తుంది, ఆ తర్వాత గేర్‌బాక్సే పోతుంది. మంచి మెకానిక్కుని గుర్తుపట్టాలంటే గేర్‌బాక్సు కలిపే ముందు ఆ రెండు పిన్నుల కోసం వెతుకుతాడా లేదా చూడండి.

ఇంజన్ బయట ఉన్నప్పుడే టైమింగ్ బెల్టు మార్చాలి. బండిలో ఉంటే చెయ్యి దూరదు, బయట ఉంటే అంతా కళ్లెదుటే. 4జీ63లో బెల్టు తెగితే వాల్వులు పిస్టన్లకు తగులుతాయి, అంటే హెడ్డు పోయినట్టే. బెల్టు వేసేటప్పుడు వాల్వు స్ప్రింగుల ఒత్తిడికి క్యాముల చక్రాలు టక్కున తిరిగిపోతాయి. అందుకని కాగితాలకు పెట్టే నల్ల బైండర్ క్లిప్పులతో బెల్టుని చక్రాలకు పట్టించి ఉంచుతారు. ఖరీదైన టూలు ఏదీ ఇంత బాగా పనిచేయదు.

అన్నింటికన్నా నాకు ముచ్చటేసేది ఆయిల్ పంపు చక్రం దగ్గరి పరీక్ష. ఈ ఇంజన్లో కుదుపు తగ్గించే బ్యాలెన్స్ షాఫ్టులు క్రాంకు కన్నా రెట్టింపు వేగంతో తిరుగుతాయి. వాటిలో ఒకటి ఆయిల్ పంపుతో కలిసి తిరుగుతుంది. పంపు చక్రం మీది గుర్తు సరిగ్గా గీతకు కలిసినా లోపలి షాఫ్టు తలకిందులుగా ఉండే అవకాశం ఉంది. బయటి నుంచి చూసి చెప్పలేం. బ్లాకు పక్కన ఒక ప్లగ్ బోల్టు ఉంటుంది. దాన్ని విప్పి, 8 మి.మీ. లావున్న స్క్రూడ్రైవర్ని ఆ రంధ్రంలోకి తోస్తారు. 60 మి.మీ. పైన లోపలికి వెళ్తే షాఫ్టు సరిగ్గా ఉన్నట్టు. 20, 25 మి.మీ. దగ్గరే తగిలి ఆగితే తలకిందులుగా ఉన్నట్టు. అప్పుడు చక్రాన్ని ఇంకో చుట్టు తిప్పి మళ్లీ గుర్తు కలిపి చూడాలి. స్క్రూడ్రైవర్ లోపల ఉండగానే బెల్టు వేస్తారు, చక్రం కదలకుండా. ఈ ఒక్క మెట్టు దాటేసిన ఇంజన్ ఎంత కొత్తదైనా సీటు వణికిపోయేలా ఊగుతుంది. ఆ తర్వాత క్రాంకుని చేత్తో తిప్పి, పదిహేను నిమిషాలు ఆగి, టెన్షనర్ కడ్డీ 3.8 నుంచి 4.5 మి.మీ. బయటికి ఉందో లేదో కొలుస్తారు. ఆ పదిహేను నిమిషాలు నిజంగా ఆగేవాడి ఇంజనే నిలుస్తుంది.

ఎక్కించాక ట్రాన్స్‌ఫర్ కేసు, ప్రొపెల్లర్ షాఫ్టు కలుపుతారు. కేసు అంచున, షాఫ్టు దూరే చోట ఆయిల్ సీళ్లు కొత్తవే వేయాలి. ట్రాన్స్‌ఫర్ కేసుకి సొంత ఆయిలుంటుంది, అది లీటరు కన్నా తక్కువే. కొంచెం కారినా కేసు ఎండిపోయి బిగుసుకుపోతుంది. ఈ లీకేజీ మీదే అమెరికాలో ఈ కార్లను రీకాల్ చేశారు. ముందు చక్రాల బళ్ల మీద చెయ్యి తిరిగినవాళ్లు ఇక్కడ ఇంకో ప్రమాదం మరిచిపోతారు. ముందు రెండు చక్రాలు జాకీ మీద ఎత్తి, స్టార్టు చేసి గేరు వేస్తే వెనక చక్రాలు నేలని పట్టి బండిని ముందుకు దూకిస్తాయి. నాలుగూ ఎత్తాలి, లేదా గేరు జోలికి పోకూడదు.

విజయవాడ ఆటోనగర్లో లారీ ఇంజన్ దించి ఎక్కించేవాళ్లకు ఈ పనిలో ఏదీ కొత్తగా అనిపించదు. ఏ మోడల్ హెడ్డు ఏ బ్లాకుకి కూర్చుంటుంది, ఏ సంవత్సరం నుంచి బోల్టు మారింది అన్న జ్ఞానం అక్కడా నోటి మాటగానే ఒకరి నుంచి ఒకరికి వస్తోంది. కంపెనీ క్యాటలాగు ఏ పార్టు ఏ బండిదో చెబుతుంది, ఇంకే బండికి సరిపోతుందో చెప్పదు. ఆ రెండో సంగతి పాడైన బళ్లను విప్పినవాళ్ల చేతుల్లో పోగవుతుంది. డీఎస్ఎమ్‌లను ఇన్నేళ్లు రోడ్డు మీద ఉంచింది అదే. దీన్ని జుగాడ్ అని తేలిగ్గా తీసిపారేయడం నాకు నచ్చదు. వెంట్రుకంత ఆట కొలిచి, స్క్రూడ్రైవర్ లోతు చూసి, ఏది ఒకటే ఏది వేరు అని తేల్చుకుని చేసే పని ఇది.

చట్టం మాత్రం దేశదేశానికీ వేరు. కాలిఫోర్నియాలో ఎక్కించే ఇంజన్ బండి మోడల్ సంవత్సరానిదో, తర్వాతిదో అయి ఉండాలి. 1991 ఆరు బోల్టుల ఇంజన్ 1997 జీఎస్ఎక్స్‌కి అక్కడ చెల్లదు. మన దగ్గర 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం తయారీదారు స్పెసిఫికేషన్‌కి భిన్నంగా బండిని మార్చకూడదు, 2019లో సుప్రీంకోర్టు కూడా అదే ఖరారు చేసింది. ఆర్‌సీ మీద ఇంజన్ నంబరు ఉంటుంది కాబట్టి అదే రకం ఇంజన్ వేసినా ఆర్టీఏకి చెప్పి నమోదు చేయించుకోవాల్సిందే.

పని పూర్తయిందనుకున్నాక చివరగా చూడాల్సినవి టైర్లు. నాలుగూ ఒకే సైజు, ఒకే అరుగుదల ఉండాలి. ముందు జత కొత్తది, వెనక జత పాతది అయితే రెండు యాక్సిళ్లూ వేర్వేరు వేగాల్లో తిరుగుతాయి. ఆ తేడా రోజంతా విస్కస్ కప్లింగ్ మీద పడి అది వేడెక్కి పాడవుతుంది. ముందు చక్రాల బండికి అలవాటు పడినవాళ్లు టైర్లు రెండేసి మార్చుకుంటారు. ఈ బండికి మారిస్తే నాలుగూ ఒకేసారి మార్చాలి.