పాత తలుపు మూసేస్తే: సాంకేతికత, అందుబాటు, హక్కు

1. ప్రశ్నను సరిచేసుకుందాం

'సాంకేతిక పరిజ్ఞానం వరమా, శాపమా?' అనే అంశం మీద ఒక్కసారైనా వ్యాసం రాయని విద్యార్థి అరుదు. సగం పేజీ వరాలు, సగం పేజీ శాపాలు రాసి, చివర 'అంతా మనం వాడుకునే తీరును బట్టి ఉంటుంది' అని ముగించడం అలవాటు. ఆ ముగింపులో అబద్ధమేమీ లేదు. అయితే దానివల్ల కొత్తగా తెలిసేదీ లేదు. వాడేది ఎవరు, ఎవరి మీద వాడుతున్నారు అనే సంగతి అందులో రాదు. చౌకధరల దుకాణంలో యంత్రం మీద వేలు పెట్టే ముసలమ్మను ఆ యంత్రం 'వాడుకునే' మనిషి అనలేం. ఆమె ఎవరో తేల్చడానికి ప్రభుత్వం దాన్ని ఆమె మీద వాడుతోంది.

కాబట్టి ఈ పాఠంలో ప్రశ్నను మార్చి వేద్దాం. ఒక సేవ యంత్రం ద్వారానే అందాలని నిర్ణయించాక, యంత్రం పనిచేయని రోజున నష్టం ఎవరిది? సాంకేతికత మీద వచ్చే విమర్శల్లో బలమైనవన్నీ ఈ ప్రశ్న దగ్గరికే చేరతాయి.

2. లెక్కలు చెప్పేవి, చెప్పనివి

సాంకేతికత అందరికీ సమానంగా అందకపోవడాన్ని 'డిజిటల్ అంతరం' అంటున్నారు. దీన్ని సాధారణంగా శాతాల్లో కొలుస్తారు. 2017-18లో జరిగిన జాతీయ నమూనా సర్వే 75వ విడత ప్రకారం దేశంలో కంప్యూటర్ ఉన్న గ్రామీణ కుటుంబాలు 4.4 శాతం, పట్టణ కుటుంబాలు 23.4 శాతం. ఇంటర్నెట్ సౌకర్యం ఉన్నవి గ్రామాల్లో 14.9 శాతం, పట్టణాల్లో 42 శాతం. 2020లో కోవిడ్ కారణంగా బడులు మూసి, పాఠాలను ఫోన్లలోకి మార్చే నాటికి మన దగ్గర ఉన్న చిత్రం సుమారుగా ఇది.

కుటుంబాన్ని లెక్కగా తీసుకుంటే ఇంటి లోపలి తేడా కనబడదు. 2019-21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఎప్పుడైనా ఇంటర్నెట్ వాడామని చెప్పిన స్త్రీలు ఆంధ్రప్రదేశ్‌లో 21 శాతం, పురుషులు 48.8 శాతం. తెలంగాణలో స్త్రీలు 26.5 శాతం, పురుషులు 57.4 శాతం. ఇంట్లో ఫోన్ ఉన్నంత మాత్రాన అది అందరి చేతికీ వస్తుందనుకోవడానికి లేదు. ఉన్న ఒక్క ఫోన్ తండ్రి వెంట పనికి వెళ్తుంది. సాయంత్రం అది ఇంటికి చేరాక కొడుకు ముందా, కూతురు ముందా అనే ప్రశ్న వస్తుంది. జవాబు మనకు తెలియనిది కాదు.

ఆ తర్వాతి సంవత్సరాల్లో ఫోన్లు బాగా పెరిగాయి. ఇంకా పెరుగుతాయి కూడా. అప్పుడు అంతరం దానంతట అదే పూడిపోతుందని కొందరు వాదిస్తారు. ఈ వాదం అంతరాన్ని వస్తువుల కొరతగా మాత్రమే చూస్తోంది. చేతిలో వస్తువు ఉండి కూడా గడప దగ్గర ఆగిపోయేవారి సంగతి దీనికి అందదు. అది అర్థం కావాలంటే రేషన్ షాపు దగ్గరికి వెళ్లాలి.

3. వేలిముద్ర పడకపోతే

2013 నాటి జాతీయ ఆహార భద్రత చట్టం అర్హమైన కుటుంబాలకు సబ్సిడీ తిండిగింజలను హక్కుగా ఇచ్చింది. ప్రాధాన్య కుటుంబాల్లో మనిషికి నెలకు 5 కిలోలు, అంత్యోదయ కుటుంబానికి 35 కిలోలు. ఈ సరుకు పక్కదారి పట్టకుండా చూడాలన్న ఉద్దేశంతో దుకాణాల్లో ఈ-పాస్ యంత్రాలు పెట్టారు. ఆంధ్రప్రదేశ్ ఈ పనిని 2015లోనే మొదలుపెట్టింది. ఉద్దేశాన్ని తప్పుపట్టనక్కరలేదు. బోగస్ కార్డులూ, బియ్యం చాటుగా తరలిపోవడమూ ఊరూరా ఎరిగినవే.

అయితే పని జరిగే క్రమం చూడండి. కార్డు ఆధార్‌తో అనుసంధానమై ఉండాలి. కరెంటు ఉండాలి. సిగ్నల్ అందాలి. దూరాన ఉన్న సర్వర్ పలకాలి. చివరగా వేలిముద్ర సరిపోవాలి. ఈ ఐదింటిలో ఏ ఒక్కటి తప్పినా సంచి ఖాళీగా ఇంటికి వెళ్తుంది. వయసు మీదపడినవారి వేళ్ల మీద గీతలు చెదిరిపోతాయి. నాట్లు వేసే చేతులు, ఇటుకలు మోసే చేతులు, బట్టలుతికే చేతులు అరిగిపోతాయి. అంటే ఈ పరీక్షలో తప్పే అవకాశం ఎక్కువగా ఉన్నది ఆ బియ్యం అవసరం ఎక్కువగా ఉన్నవారికే.

2017లో జార్ఖండ్‌లోని సిమ్డేగా జిల్లాలో 11 ఏళ్ల బాలిక మరణించింది. ఆధార్‌తో ముడిపడలేదని రేషన్ కార్డు రద్దుచేయడంతో ఇంట్లో తిండి లేకుండా పోయిందని కుటుంబం చెప్పింది. మరణానికి కారణం జ్వరమని ప్రభుత్వం వాదించింది. ఈ వివాదం దేశమంతటా చర్చకు వచ్చిన తర్వాత, ఆధార్ లేదనో యంత్రం గుర్తించలేదనో సరుకులు నిరాకరించరాదని కేంద్రం అదే ఏడాది అక్టోబరులో రాష్ట్రాలకు రాసింది. 2018 సెప్టెంబరు 26 నాటి ఆధార్ తీర్పులో సుప్రీంకోర్టు మెజారిటీ పథకాలకు ఆధార్ వాడకాన్ని సమర్థిస్తూనే, ధ్రువీకరణ విఫలమైన కారణంగా అర్హులు నష్టపోకూడదని చెప్పింది. ఆ నియమం కాగితం మీద ఉంది. దుకాణం ముందు క్యూలో నిలబడిన మనిషికి అది తెలుసా, తెలిసినా గట్టిగా అడగగలదా అన్నది వేరే విషయం.

4. రెండు అధ్యయనాలు, ఒక పాఠం

ఇక్కడ విమర్శకుడు తొందరపడకూడదు. యంత్రమంటేనే పేదలకు కీడు అని తీర్మానిస్తే సాక్ష్యాలు ఒప్పుకోవు. కార్తీక్ మురళీధరన్, పాల్ నీహౌస్, సందీప్ సుఖ్‌తంకర్ అనే ఆర్థికవేత్తలు ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఉపాధి హామీ కూలీ, పింఛన్ల చెల్లింపుకు తెచ్చిన వేలిముద్రల స్మార్ట్‌కార్డులను పరిశీలించి, 2016లో ఫలితాలు ప్రచురించారు. కూలీ త్వరగా అందింది, మధ్యలో మాయమయ్యే సొమ్ము తగ్గింది, అర్హులు దూరమైనట్లు కనబడలేదు. అదే ముగ్గురు జార్ఖండ్ రేషన్ వ్యవస్థను పరిశీలించినప్పుడు చిత్రం మారింది. ఆధార్ ధ్రువీకరణ తప్పనిసరి చేయడం వల్ల మాత్రమే అక్రమాలు తగ్గలేదు. అంతకుముందు ఆధార్ నమోదు లేనివారికి అందే లబ్ధి మాత్రం 10 శాతం తగ్గింది.

రెండు చోట్లా వేలిముద్రే. తేడా ఎక్కడుంది? రాష్ట్రాలు వేరు, పథకాలు వేరు, అమలు వేరు. అయినా ఒక తేడా మనకు ముఖ్యం. ఆంధ్రప్రదేశ్‌లో రెండేళ్ల తర్వాత కూడా సుమారు సగం చెల్లింపులే కొత్త పద్ధతికి మారాయి. కార్డు రానివారికి డబ్బు పాత దారిలో అందుతూనే ఉంది. జార్ఖండ్‌లో ఆ పాత దారిని మూసేశారు. కొత్త తలుపు తెరవడం సౌకర్యం. పాత తలుపుకు తాళం వేయడం వేరే నిర్ణయం. ఆ నిర్ణయం యంత్రం తీసుకోదు, మనుషులు తీసుకుంటారు. సాంకేతికతపై విమర్శ గురిపెట్టవలసింది అక్కడే.

5. ఎవరిని అడగాలి?

పాత తలుపు మూసుకుంటే మరొక నష్టం కూడా ఉంది. అది శాతాల్లో కనబడదు. డీలరు మోసం చేస్తే అతన్ని నలుగురిలో నిలదీయవచ్చు. 'సర్వర్ డౌన్' అంటే ఎవరిని నిలదీయాలి? ఉపాధి హామీ పనుల్లో 2023 జనవరి 1 నుంచి హాజరును మొబైల్ యాప్‌లో, రోజుకు రెండు ఫోటోలతో నమోదు చేయడం తప్పనిసరి చేశారు. తవ్విన గుంత కళ్లెదుట ఉన్నా, ఫోటో ఎక్కకపోతే లెక్క ప్రకారం పని జరగనట్టే. తాను పని చేశానని, తాను తానేనని రుజువు చేసుకునే భారం కూలీ మీద పడింది. యంత్రం సరిగా పనిచేసిందని రుజువు చేసే భారం ఎవరి మీదా లేదు.

ఈ ఖాళీలోకి మధ్యవర్తి వస్తాడు. ఫారం నింపేందుకు నెట్ సెంటరు, ఓటీపీ చూసేందుకు పక్కింటి కుర్రాడు. దళారులను తొలగిస్తుందన్న సాంకేతికతే కొత్త దళారులను తయారుచేస్తుంది. చదువురాని మనిషి ఆధార్ నంబరూ, బ్యాంకు వివరాలూ పరాయి చేతుల్లో పెట్టక తప్పని స్థితి వస్తుంది.

దీన్ని పేదల సమస్యగా మాత్రమే చూడకండి. బ్యాంకు, సిమ్ కార్డుల గుర్తింపు ప్రక్రియలో కెమెరా ముందు కనురెప్ప ఆర్పి చూపమనే పద్ధతి ఉంది. యాసిడ్ దాడికి గురై కళ్లు దెబ్బతిన్నవారు, చూపులేనివారు ఆ పని ఎలా చేయాలి? ఈ విషయంలో 2025 ఏప్రిల్ 30న సుప్రీంకోర్టు తీర్పు చెబుతూ, డిజిటల్ సేవల అందుబాటు రాజ్యాంగంలోని 21వ అధికరణం ఇచ్చే జీవించే హక్కులో భాగమని ప్రకటించింది.

6. ముగింపు: వేయవలసిన మూడు ప్రశ్నలు

1982లో హైదరాబాదులో మొదలైన సార్వత్రిక విశ్వవిద్యాలయం దేశంలోనే మొదటిది. కళాశాలకు రాలేనివారి దగ్గరికి చదువే వెళ్లాలన్నది దాని మూల సూత్రం. మీ చేతిలోని ఈ అచ్చు పుస్తకం ఆ సూత్రానికి ఒక రుజువు. దీనికి చార్జింగ్ అక్కరలేదు, సిగ్నల్ అక్కరలేదు. వీడియో పాఠాలు వచ్చినందుకు సంతోషిద్దాం. అచ్చు పాఠం అక్కరలేదని ఎవరైనా అన్న రోజున మాత్రం ప్రశ్నిద్దాం.

ఇకమీదట ఏ కొత్త డిజిటల్ పథకం గురించి చదివినా మూడు ప్రశ్నలు వేసుకోండి. ఇది పనిచేయని రోజున మరో దారి ఉందా? ఆ దారి ఉందని అవసరమైన మనిషికి తెలుసా? తప్పు జరిగితే జవాబు చెప్పవలసిన మనిషి ఎవరు?

అభ్యాసం: మీ ఊళ్లో లేదా వాడలో యంత్రం ద్వారా మాత్రమే అందే సేవ ఒకదాన్ని ఎంచుకోండి. దాన్ని పొందలేకపోయిన ఇద్దరితో మాట్లాడి, పై మూడు ప్రశ్నల ఆధారంగా రెండు పేజీల విమర్శ రాయండి. 'వాడుకునే తీరును బట్టి ఉంటుంది' అనే వాక్యంతో మాత్రం ముగించకండి.