పడవలో పడక

పడవ గది బాగోగులు రేవులో నిలబడి చూస్తే తెలియవు. అందులో ఒక రాత్రి పడుకోవాలి. లంగరు వేసిన చోట గాలి తిరిగి, పడవ పక్కలకు ఊగడం మొదలయ్యాక, ఏ అర్ధరాత్రో అసలు సంగతి బయటపడుతుంది. సొరుగు తనంతట తాను తెరుచుకుంటుంది. అలమర తలుపు టకటకమంటుంది. పరుపు అడుగు చెమ్మగిల్లుతుంది. ఒత్తిగిలితే భుజం ఏదో మూలకు కొట్టుకుంటుంది. ఇవేవీ జరగకుండా తెల్లారేదాకా ఒళ్ళెరగని నిద్ర పట్టిందంటే, ఆ గది కట్టిన వడ్రంగికి దణ్ణం పెట్టుకోవాలి.

పాతిక ముప్పై అడుగుల తెరచాప పడవలో ఇద్దరు మనుషులు హాయిగా రాత్రి గడిపేలా గది కట్టడం ఒక ప్రత్యేకమైన విద్య. అమెరికా వాయవ్య మూలన, ప్యూజెట్ సౌండ్ ముఖద్వారం దగ్గరున్న పోర్ట్ టౌన్‌సెండ్‌లో ఆ విద్య ఇంకా సజీవంగా ఉంది. సియాటిల్ చుట్టుపక్కల స్థిరపడిన మన తెలుగువాళ్ళు శని ఆదివారాల్లో ఆ ఊరు వెళ్తారు, సముద్రం చూస్తారు, ఫొటోలు దిగుతారు, తిరిగొచ్చేస్తారు. రేవులో కట్టేసిన పడవల లోపల ఎంత పనితనం దాగి ఉందో చూసే తీరిక చాలామందికి ఉండదు. అందుకే ఈ వ్యాసం.

ఈ విద్య పుట్టుపూర్వోత్తరాలు చేపల పడవల్లో ఉన్నాయంటారు. దానికి మొదటగా పేరు తెచ్చినవాళ్ళలో జాషువా స్లోకమ్‌ను చెప్పుకోవాలి. మసాచుసెట్స్‌లోని ఫెయిర్‌హేవెన్ దగ్గర ఒక పొలంలో శిథిలమై పడి ఉన్న ‘స్ప్రే’ అనే పడవను ఆయన 13 నెలలు కష్టపడి మళ్ళీ కట్టాడు. సామానుకైన ఖర్చు 553 డాలర్ల 62 సెంట్లు. పొడవు 36 అడుగుల 9 అంగుళాలు. వంటకొక చిన్న గది, పడుకోవడానికి వెనకవైపు సుమారు 10 అడుగులకు 12 అడుగుల గది. ఆ గదిలో ఒక పక్కన పడక, అరలు, మందుల పెట్టెకు కూడా ఒక చోటు. 1895లో బోస్టన్ నుంచి బయలుదేరి, 1898లో ఒంటరిగా భూమి చుట్టివచ్చాడు. మూడేళ్ళ పాటు సముద్రం మీద ఒక మనిషిని నిద్రపుచ్చిన గది అది!

ఆ తర్వాత పడవల నమూనాలు గీసిన హెరెషాఫ్‌లు. తండ్రి నథానియెల్ గురించి పడవల లోకంలో తెలియనివాళ్ళు లేరు. నా భక్తి మాత్రం కొడుకు ఎల్. ఫ్రాన్సిస్ మీదే. ఆయన చేతిలో పడవ గది ఒక స్థిరమైన రూపానికి వచ్చింది: గోడ పలకలకు తెల్లరంగు, వాటి చుట్టూ అంచులకూ చట్రాలకూ వార్నిష్ పట్టించిన కలప. చూసేవాళ్ళు ఇదంతా అందం కోసమే అనుకుంటారు. చిన్న గదిలో కిటికీ జానెడు ఉంటుంది, దానిగుండా వచ్చే కాస్త వెలుతురును తెల్లగోడ నాలుగు మూలలకూ పంచుతుంది. చెయ్యి తగిలే చోట, దెబ్బ తగిలే చోట మాత్రం గట్టి కలప ఉంటుంది. రంగైతే గీరుకుపోతుంది, వార్నిష్ కలపను మళ్ళీ రుద్ది మెరిపించుకోవచ్చు. ఆయన 28 అడుగుల ‘రోజినాంటే’ నమూనా చూడండి. ఇరుకు గదిలో ఒక్క అంగుళం కూడా వృథా పోలేదు. మరుగుదొడ్డి గొట్టాలూ పంపులూ ఎందుకు, దేవదారు బకెట్టు చాలని వాదించిన మనిషి ఆయన. ఆ వాదంలో నేను పూర్తిగా ఆయన పక్షమే. పడవ గదిలో దుర్వాసనకు మూలం చాలావరకు ఆ గొట్టాలే.

ఇక పడక సంగతి. వెడల్పుగా ఉంటే సుఖమని మనకు ఇళ్ళల్లో అలవాటు. సముద్రం మీద అది తలకిందులు. పడక వెడల్పైతే పడవ ఊగినప్పుడల్లా మనిషి అటూ ఇటూ దొర్లుతాడు, ఒళ్ళు బిగబట్టుకునే పడుకోవాలి, నిద్ర ఉండదు. రైల్లో సైడ్ బెర్త్ ఇరుకని విసుక్కుంటాం గానీ, కదిలే బండిలో ఒంటిని పట్టి ఉంచేది ఆ ఇరుకే. భుజాల దగ్గర 21 నుంచి 24 అంగుళాలు, పొడవు 6 అడుగుల 4 అంగుళాలకు తగ్గకుండా, కాళ్ళ దగ్గర ఇంకా సన్నగా ఉండాలి. పక్కన గట్టి కాన్వాస్ గుడ్డను పైకి లాగి తాళ్ళతో కట్టేస్తే, పడవ ఒరిగినా మనిషి కింద పడడు. కూర్చున్నప్పుడు పరుపు మీది నుంచి కప్పుదాకా కనీసం 36 అంగుళాలు ఉండాలి, వీపు ఆనుకునే చెక్క కాస్త వెనక్కి వాలాలి. నిలబడే ఎత్తు మాత్రం తప్పనిసరి కాదు. 1942లో స్వీడన్‌లో టార్డ్ సుండేన్ గీసిన నార్డిక్ ఫోక్‌బోట్ లోపల నిటారుగా నిలబడలేం. 7.68 మీటర్ల పొడవు, 2.20 మీటర్ల వెడల్పు. అయినా దాన్ని ప్రేమించినవాళ్ళు వేలల్లో ఉన్నారు. బ్లాండీ హాస్లర్ ఆ నమూనా మీద కట్టిన ‘జెస్టర్’లో గదిలోంచి బయటికి రాకుండానే గుండ్రటి ద్వారం గుండా చాపను సవరించుకునేలా ఏర్పాటు చేసుకున్నాడు. 1960లో జరిగిన మొదటి ఒంటరి అట్లాంటిక్ పందెంలో ఆ చిన్న పడవతో 48 రోజుల్లో రెండో స్థానంలో వచ్చాడు. నిలబడడానికి ఎత్తు లేదని పడవలు కొనడం మానేసేవాళ్ళు ఆ సంగతి ఒకసారి ఆలోచించాలి.

పనితనంలోకి వద్దాం. ఇంటి వడ్రంగికి మూలమట్టం, రసమట్టం రెండు కళ్ళు. పడవలో ఆ రెండూ అక్కరకు రావు. నీళ్ళ మీద తేలేదానికి రసమట్టం ఏం చెబుతుంది? గోడలన్నీ వంపులే, తొంభై డిగ్రీల మూల మచ్చుకైనా దొరకదు. మరి బల్క్‌హెడ్ అనే అడ్డచెక్కను ఆ వంపుకు అతికినట్టు కోసేదెలా? చెయ్యి తిరిగిన మేస్త్రి చేసే పని చూస్తే ముచ్చటేస్తుంది. అడ్డచెక్క నిలబడాల్సిన చోట ముందు ఒక పాత ప్లైవుడ్ ముక్కను కదలకుండా బిగిస్తాడు. మూరెడు పొడవున్న పలుచని కర్ర ఒకటి తీసుకుంటాడు. దాని ఒక కొస సూదిగా చెక్కి ఉంటుంది, ఒక అంచు వెంట పళ్ళు పళ్ళుగా గాట్లు ఉంటాయి, ఏ రెండు గాట్లూ ఒకేలా ఉండవు. సూది కొసను పడవ గోడకు ఆనించి, కర్రను ప్లైవుడ్ మీద పరిచి, దాని అంచు వెంట పెన్సిలుతో గీస్తాడు. గీతకో అంకె వేస్తాడు. నాలుగు వేళ్ళ మేర కిందికి జరిగి మళ్ళీ అదే పని. అలా కప్పు నుంచి అడుగుదాకా.

తర్వాత ఆ ముక్కను ఊడదీసి కొత్త పలక మీద పెడతాడు. ఒక్కొక్క గీతలో కర్రను ఉన్నదున్నట్టు కూర్చోబెడతాడు, గాట్లుంటాయి కాబట్టి వెంట్రుకవాసి కూడా జరగదు. సూది కొస ఎక్కడుందో అక్కడొక చుక్క. చుక్కలన్నిటినీ వంగే బద్దతో కలిపితే పడవ గోడ వంపు పలక మీదికి దిగుతుంది. టేపు లేదు, లెక్క లేదు, కోణం లేదు. కోసి తెచ్చి నిలబెడితే కార్డు ముక్క దూరే సందు ఉండదు. ఫైబర్‌గ్లాస్ పడవైతే మేస్త్రి ఇంకొక మెట్టు ఎక్కువ జాగ్రత్త పడతాడు. చెక్క అంచు గోడకు నేరుగా ఒత్తుకుంటే ఆ గీత మీద ఒత్తిడి పేరుకుని గోడ బీటలు తీస్తుంది. అందుకని నడుమ మెత్తటి ఫోమ్ పట్టీ పెట్టి, రెండు వైపులా గ్లాసు గుడ్డను ఎపాక్సీ జిగురుతో అతుకుతాడు.

నిద్రకు బద్ధశత్రువు చెమ్మ. బయట చల్లటి సముద్రపు నీరు, లోపల ఇద్దరి ఊపిరి. తెల్లారేసరికి గోడలు చెమటోడుస్తాయి. దీనికి పాత మేస్త్రుల విరుగుడు ఎంత సులువైనదో చూడండి: గోడ వెంట దేవదారు బద్దలు వరసగా కొడతారు, బద్దకూ బద్దకూ మధ్య వేలెడు సందు, బద్దల వెనక గాలి ఆడే చోటు. పక్కబట్టలు తడిగోడకు తగలవు, ఆ సందుల్లోంచి గాలి తిరుగుతుంది, గది దేవదారు వాసన వేస్తుంది. పరుపు కింద కూడా బద్దలే, చెక్క పలక కాదు. ఇక పైనుంచి గాలి రావాలి, నీళ్ళు రాకూడదు. దానికి స్టీఫెన్స్ సోదరుల ‘డొరేడ్’ పేరు మీద నిలిచిపోయిన పెట్టె ఉంది. 1931లో అట్లాంటిక్ పందెం గెలిచిన 52 అడుగుల పడవ ఆ డొరేడ్. పెట్టె మీదున్న గొట్టం నోట్లోంచి గాలీ నీళ్ళూ రెండూ లోపలికి వస్తాయి. నీళ్ళు పెట్టె అడుగున ఉన్న బెజ్జంలోంచి డెక్కు మీదికి పోతాయి. గదిలోకి దిగే గొట్టం మూతి పెట్టె లోపల ఎత్తున ఉంటుంది కనుక గాలి ఒక్కటే దిగుతుంది. ఇంతకన్నా తెలివైన పెట్టె మరొకటి చూపించండి! పొయ్యి ఉన్న గదిలో ఈ గాలిదారి ప్రాణం నిలబెడుతుంది. మంట వెలుగుతుండగా గాలిదారులు మూసి పడుకోకూడదు, కార్బన్ మోనాక్సైడ్‌ను కనిపెట్టే అలారం తప్పకుండా ఉండాలి.

లారీ పార్డీ దగ్గరికి వస్తే నా కలం ఆగదు. లైల్ హెస్ గీసిన 24 అడుగుల 4 అంగుళాల ‘సెరాఫిన్’ను కాలిఫోర్నియాలో సొంత చేతులతో కట్టి 1968లో నీళ్ళలోకి దింపాడు. భార్య లిన్‌తో కలిసి అందులోనే ప్రపంచం చుట్టాడు. ఇంజను లేదు! తర్వాత బుల్ కాన్యన్ అనే మారుమూల కొండలోయలో 29 అడుగుల 6 అంగుళాల ‘టాలెయ్‌సిన్’ కట్టాడు. 1983లో దింపిన ఆ పడవకూ ఇంజను లేదు. అందులో కూర్చుని స్నానం చేసే తొట్టి కూడా ఇమిడింది. ఆ గది ఫొటోలు చూడండి. బల్ల అంచుకూ అర అంచుకూ కాస్త ఎత్తున లేచిన పట్టీలు ఉంటాయి, గిన్నెలు జారవు. పట్టీ మూలల్లో సందు వదిలితే తుడిచినప్పుడు చెత్త బయటికి వస్తుంది. స్క్రూ తల మీద కొట్టిన కొయ్య బిరడా చారలు చుట్టూ ఉన్న చెక్క చారల్లో కలిసిపోతాయి. ఆ బిరడాను జిగురుతో అతకరు, వార్నిష్‌లో ముంచి కొడతారు. ముప్పై ఏళ్ళ తర్వాత ఎవరో ఆ పలక ఊడదీయాల్సి వస్తే కలప పగలకుండా బిరడా వస్తుంది. తన తర్వాత ఆ పడవ బాగుచేసే మనిషి గురించి కూడా ఆలోచించి కొట్టిన బిరడా అది. 2020లో లారీ న్యూజిలాండ్‌లో కన్నుమూశాడు. అలాంటి చెయ్యి మళ్ళీ ఎప్పుడు పుడుతుందో!

ఇప్పుడు మార్కెట్‌లో జరుగుతున్నది చూస్తే ఒళ్ళు మండుతుంది. 1959లో పియర్సన్ కంపెనీ 28 అడుగుల ‘ట్రైటన్’ వదిలిన దగ్గర్నుంచి ఫైబర్‌గ్లాస్ పడవలు వెల్లువలా వచ్చాయి. వాటిలో మంచి కట్టడం ఉన్నవాటి గోడలు ఇవాళ్టికీ చెక్కుచెదరలేదు. కుళ్ళింది లోపలి చెక్క. ఆ పడవలు చవగ్గా దొరుకుతాయి, కుర్రవాళ్ళు కొంటారు, ఇక్కడే మోసపోతారు. బాగుచేస్తామని డబ్బు తీసుకునే షెడ్డువాళ్ళు కుళ్ళిన అడ్డచెక్క మీదే టేకు బొమ్మ అచ్చేసిన లామినేట్ అంటిస్తారు. గోడలకు కార్పెట్ అతికిస్తారు. అది చెమ్మ పీల్చి బూజు పట్టి, ఆరు నెలలకు కంపు కొడుతుంది. కప్పుకు ఫోమ్ అతికిన వినైల్ గుడ్డ కొడతారు. కొన్నేళ్ళకు ఆ ఫోమ్ పొడైపోయి గుడ్డ వేలాడుతుంది, నిద్రపోతున్న మనిషి మొహం మీద పసుప్పచ్చ ధూళి రాలుతుంది. సొరుగులకు రంపపు పొట్టును జిగురుతో అదిమిన పలక వాడతారు. నీళ్ళు తగిలిన మర్నాటికి అది ఉబ్బి విచ్చుకుంటుంది. ఆపైన నీలం దీపాల తీగ తగిలించి, దీనికి లగ్జరీ అని పేరు పెడతారు. ఎంత అన్యాయం! పునాది లాంటి పని ఎగ్గొట్టి పైపూత అమ్ముకోవడం ఇది.

ప్లైవుడ్‌ను నేను తప్పుపట్టడం లేదు. బీఎస్ 1088 ప్రమాణం ముద్ర ఉన్న మెరైన్ ప్లై, కోసిన ప్రతి అంచుకూ ఎపాక్సీ తాగించాక, తరాల పాటు నిలుస్తుంది. బర్మా టేకే కావాలని పట్టుబట్టేవాళ్ళతో నాకు పేచీ ఉంది. ఆ అడవులు ఎలా నరికారో తెలిసి కూడా అదే అడగడం సబబు కాదు. అలాస్కా పసుపు దేవదారు, డగ్లస్ ఫర్ ఈ తీరంలోనే పెరుగుతాయి, తేలికగా ఉంటాయి, చిత్రిక పడితే పట్టులా వస్తాయి. వాటితో కట్టిన గది ఎందులో తీసిపోయింది?

పాత పడవ కొనే ఆలోచనలో ఉన్న తమ్ముళ్ళకూ చెల్లెళ్ళకూ నా విన్నపం. రంగుల పట్టికలు తర్వాత చూడండి. ముందు పడక పలకలు ఎత్తి, అడ్డచెక్కల అడుగు అంచుల్ని స్క్రూడ్రైవర్ మొనతో పొడిచి చూడండి. దిగబడితే కుళ్ళు ఉన్నట్టే. అక్కడ మొదలుపెట్టండి. 1977 నుంచి పోర్ట్ టౌన్‌సెండ్‌లో సెప్టెంబరులో చెక్క పడవల ఉత్సవం జరుగుతోంది. అక్కడ యజమానులు పడవల తలుపులు తెరిచి పెడతారు, లోపలికి దిగి అడిగితే ఏ కీలు ఎలా బిగించారో ఓపిగ్గా చెబుతారు. ఆ ఊరి పక్కన పోర్ట్ హాడ్లాక్‌లో ఇప్పుడు ఉన్న, బాబ్ ప్రొథెరో అనే పెద్ద మేస్త్రి 1981లో మొదలుపెట్టిన చెక్క పడవల బడి ఎందరికో ఉలి పట్టడం నేర్పింది. చేతులు నొప్పెడతాయి, సెలవు రోజులు హరించుకుపోతాయి, ఒక పలక మూడుసార్లు కోయాల్సి రావచ్చు. అయినా సరే, ఆ అడ్డచెక్కను మీ చేతులతోనే కోయండి. చేతకాకపోతే ఆ పని తెలిసిన మేస్త్రికి అతను అడిగినంతా ఇచ్చి చేయించండి, బేరాలాడకండి. బేరాలాడేకొద్దీ వాళ్ళు ఒక్కొక్కరే ఆ పని మానేసి ఇళ్ళ వంటగదుల కప్‌బోర్డులు చేసుకోవడానికి వెళ్ళిపోతున్నారు.