చెక్కలోంచి కురిసిన వాన

కాగితం నిండా వాన. సన్నటి గీతలు ఏటవాలుగా, ఒకటి కాస్త అటు, ఒకటి కాస్త ఇటు వాలుతూ పైనుంచి కిందిదాకా దిగుతున్నాయి. కొయ్య వంతెన మీద చిక్కుకున్న జనం నడుం వంచి పరుగు తీస్తున్నారు. కొందరు ఒకే గొడుగు కింద ఇరుక్కున్నారు, ఒకతను చాప నెత్తిన కప్పుకున్నాడు. కింద నదిలో ఒంటరిగా ఒక మనిషి తెప్ప నడుపుకుంటూ పోతున్నాడు. అవతలి గట్టు వానలో కలిసిపోయి బూడిదరంగు మరకలా మిగిలింది. 1857లో జపాన్ చిత్రకారుడు హిరోషిగే తన సొంతూరు ఎడోని, అంటే ఇవాళ్టి టోక్యోని, చూపించిన బొమ్మ ఇది.

చూడగానే కుంచె పనితనం అనిపిస్తుంది. కానీ ఇందులో ఒక్క వాన గీత కూడా కాగితం మీద కుంచెతో గీసింది కాదు. ప్రతి గీతనీ చెర్రీ చెక్క మీద, రెండు పక్కలా కొయ్యని తొలిచేసి, వెంట్రుక మందాన నిలబెట్టారు. అలా నిలబెట్టిన చెయ్యి హిరోషిగేది కాదు.

హిరోషిగే 1797లో ఎడోలో పుట్టాడు. తండ్రి, జపాన్ సైనిక పాలకుడైన షోగన్ కోటకి కాపలాగా ఉండే అగ్నిమాపక దళంలో చిన్న అధికారి. హిరోషిగేకి పన్నెండేళ్లప్పుడు ఒకే ఏడాదిలో తల్లీ తండ్రీ పోయారు, తండ్రి ఉద్యోగం ఈ పిల్లవాడి మీద పడింది. ఎడో అంటే కొయ్య ఇళ్ల ఊరు. నిప్పంటుకుంటే వీధులకి వీధులే బూడిదయ్యేవి. ఆ కావలి పని చేసుకుంటూనే ఉతగావా తొయోహిరో దగ్గర బొమ్మలు నేర్చుకున్నాడు. చాలా ఏళ్లు అతన్ని పెద్దగా పట్టించుకున్నవాళ్లు లేరు.

పేరు తెచ్చిపెట్టింది ప్రయాణమే. ఎడో నుంచి క్యోటోకి పోయే రహదారి తొకాయిదో. సుమారు 500 కిలోమీటర్లు, నడుమ 53 మజిలీలు. షోగన్ తరఫున చక్రవర్తికి గుర్రాలు తీసుకెళ్లే ఊరేగింపుతో 1832లో ఆ దారిన వెళ్లాడని చెబుతారు. 1833-34 ప్రాంతంలో ఆ మజిలీల బొమ్మలు అచ్చులో వచ్చాయి. బయల్దేరిన చోటు, చేరిన చోటు కలుపుకుని మొత్తం 55. వాటిలో మహామహుల విజయయాత్రలు లేవు. గాలికి ఎగిరిపోయిన టోపీ వెంట పరిగెత్తే బాటసారి ఉన్నాడు. షోనో దగ్గర వాన మీద పడితే కొండవాలులో ఎదురీదుతున్న పల్లకీ బోయీలు ఉన్నారు. కన్బారా బొమ్మలో లోతైన మంచు, చీకటి, తలలు వంచుకుని నడుస్తున్న ముగ్గురు మనుషులు, అంతే. నిజానికి కన్బారా వెచ్చటి తీరప్రాంతం, అక్కడ అంత మంచు పడటం అరుదు. దీన్ని కొందరు తప్పుగా ఎంచుతారు. నాకు అలా అనిపించదు. రాత్రిపూట కొత్త ఊళ్లోకి నడిచి వచ్చినవాడి ఒంటరితనం ఎంత చల్లగా ఉంటుందో అంత మంచు వేశాడు.

ఈ చెక్క అచ్చు కళలో చిత్రకారుడి పని తొందరగా అయిపోతుంది. పల్చటి కాగితం మీద నల్ల సిరాతో బొమ్మ గీసి ఇచ్చేస్తాడు. చెక్కేవాడు దాన్ని బోర్లా తిప్పి చెర్రీ పలకకి అంటిస్తాడు. వీపు వైపు నుంచి వేళ్లతో మెల్లగా రుద్దుతూ కాగితం పొర లేపేస్తే గీతలు తేటగా పైకి కనిపిస్తాయి. అప్పుడు కత్తి పడుతుంది. గీత ఉన్నచోట కొయ్యని వదిలి, తక్కినదంతా తీసేస్తారు. మొహాలూ జుట్టూ చెయ్యి తిరిగిన పెద్ద పనివాడు చెక్కుతాడు, మిగతావి శిష్యులకి వదులుతాడు. పని పూర్తయ్యేసరికి చిత్రకారుడు గీసిన కాగితం చెక్క పొట్టులో కలిసిపోతుంది.

ఒక్కో రంగుకీ విడిగా దిమ్మె. పెడనలో కలంకారీ అద్దకం చూసినవాళ్లకి ఈ పద్ధతి కొత్త కాదు. అక్కడా ముందు గీతల అచ్చు వేసి, తర్వాత రంగు రంగుకీ వేరే అచ్చు వాడతారు. తేడా ఒకటే. పెడనలో టేకు అచ్చుని గుడ్డ మీదికి తెచ్చి, కంటితో అంచు చూసుకుని, పిడికిలితో గుద్దుతారు. జపానులో దిమ్మె కదలదు, కాగితమే దాని మీదికి వస్తుంది. ప్రతి దిమ్మె మీదా ఒక మూలన L ఆకారంలో ఒకటి, దాని వరసలోనే తిన్నగా ఇంకొకటి, రెండు చిన్న గాట్లు ఉంటాయి. వాటిని కెంతో అంటారు. కాగితం మూలనీ అంచునీ ఆ గాట్లలో ఆనించి దించితే పది రంగులైనా ఒకదాని మీద ఒకటి సరిగ్గా కూర్చుంటాయి. తర్వాత వెదురు పొరలతో పేనిన తాడుని చుట్టలా చుట్టి, పైన వెదురు పొరే కట్టిన బారెన్ అనే బిళ్లతో వెనకనుంచి రుద్దుతారు. ప్రెస్సు లేదు, యంత్రం లేదు. కోజో చెట్టు బెరడు నారతో చేసిన కాగితం కాబట్టి తడి మీద అన్నిసార్లు రుద్దినా చిరగదు.

అసలు మాయ బొకాషిలో ఉంది. దిమ్మె మీద తడిగుడ్డతో నీళ్లు అద్ది, ఒక అంచున రంగు వేసి, బ్రష్షుతో నీళ్లలోకి లాగుతారు. అంచున చిక్కగా ఉన్న రంగు పోనుపోను పల్చబడి తెల్లకాగితంలో కలిసిపోతుంది. హిరోషిగే సాయంకాలాలూ, నది లోతూ, మబ్బు బరువూ అన్నీ ఇదే. చెక్కలో దీనికి ఏ గుర్తూ ఉండదు. ప్రతి కాగితానికీ అద్దేవాడు మళ్లీ కొత్తగా తుడవాల్సిందే. ఈ బొమ్మల్లో కనిపించే నీలం జపానుది కాదు. బెర్లిన్‌లో పుట్టిన ప్రష్యన్ బ్లూ 1820ల చివరికి చవకై ఎడో అచ్చు బొమ్మల్లోకి వచ్చింది. ఊళ్లు తిరిగిన చిత్రకారుడికి సముద్రాలు దాటి వచ్చిన రంగు దొరికింది.

1855లో భూకంపం ఎడోని కూల్చేసింది. భూకంపం వెంటే మంటలు లేచాయి. మరుసటి ఏడాది హిరోషిగే తన చివరి పెద్ద పని మొదలుపెట్టాడు: ఎడో నగరపు నూరు దృశ్యాలు. తొకాయిదో బొమ్మల కంటే ఇవే గొప్పవని నా అభిప్రాయం. పుట్టి పెరిగిన ఊరిని మొదటిసారి చూసే యాత్రికుడిలా చూశాడు. ప్లమ్ కొమ్మని కంటి ముందు పెట్టి, తోటంతా దాని సందుల్లోంచి చూపించాడు. ఒక బొమ్మలో కిటికీ గట్టు మీద తెల్లపిల్లి వీపు తిప్పి కూర్చుని ఉంటుంది. దూరాన పొలాల్లో జాతరకి పోయే జనం చీమల బారులా కనిపిస్తారు, ఆ వెనక ఫూజీ కొండ. మంచి ప్రతుల్లో ఆ పిల్లి ఒళ్లు కాగితం మీద కొద్దిగా ఉబ్బెత్తుగా తేలుతుంది. అది రంగుతో రాలేదు, కాగితాన్ని దిమ్మె గుంటలోకి అదమడం వల్ల వచ్చింది.

1858లో ఎడోని కలరా ఊడ్చేసినప్పుడు హిరోషిగే పోయాడు. 1887లో పారిస్‌లో చిత్రకారుడు వాన్ గో ఆ వాన బొమ్మనీ, ప్లమ్ తోటనీ నూనె రంగుల్లో దింపుకున్నాడు. ఎడోలో సామాన్యుడు సరదాకి కొనుక్కున్న కాగితాలు అక్కడిదాకా వెళ్లాయి.

ఈ వాన బొమ్మ ప్రతులు చాలా మ్యూజియంలు అంతర్జాలంలో పెట్టాయి. వేర్వేరు మ్యూజియంల ప్రతులు రెండు తెరిచి పక్కపక్కన పెట్టి చూడండి. వాన గీతలు రెండింటిలోనూ ఒకేలా ఉంటాయి. పై అంచున నల్లమబ్బు మాత్రం ఒకదానిలో ఉన్నట్టు ఇంకోదానిలో ఉండదు. ఆ తేడా తడిగుడ్డ పట్టుకున్న చేతిది. ఆ మనిషి పేరు కాగితం మీద ఎక్కడా లేదు.