నీళ్లు మార్చే విద్య

1846లో లండన్‌లో అన్నా థిన్ అనే ఆవిడ ఇంగ్లండ్‌లోని టార్కీ తీరం నుంచి తెచ్చిన పగడాలను ఇంట్లో పెంచారు. అప్పటికి కరెంటు లేదు, పంపు లేదు, ఫిల్టర్ లేదు. మొదట్లో తీరం నుంచి సముద్రపు నీళ్లు తెప్పించి తరచూ మార్చేవారు. తర్వాత ఉన్న నీళ్లనే తెరిచిన కిటికీ ముందు ఒక పాత్రలోంచి మరో పాత్రలోకి పనిమనిషి చేత అరగంటకు పైగా పోయించేవారు, నీటికి గాలి తగలాలని. ఆ పగడాలు మూడేళ్లు బతికాయి.

ఇప్పుడు అన్నీ ఉన్నాయి. పంపులు, మురికిని నురగగా తీసే స్కిమ్మర్లు, ఫోన్‌కి కబురు పంపే మీటర్లు. అయినా ఉప్పునీటి ట్యాంక్ కొన్నవాళ్లు మొదట అడిగేది ఒకటే: నీళ్లు ఎన్నాళ్లకోసారి మార్చాలి? దుకాణంలో దొరికే జవాబు ‘నెలకోసారి చాలు సార్’. పనితనం తెలిసినవాళ్లు అంత తేలిగ్గా చెప్పరు. చేపలెన్ని, మేత ఎంత, పగడాలున్నాయా, వారంలో నైట్రేట్ ఎంత పెరుగుతోంది అని ఎదురు ప్రశ్నలు వేస్తారు. ఈ విద్య మొదలయ్యేది ఆ ప్రశ్నల దగ్గరే.

చేప విసర్జించినదీ, తినగా మిగిలిన మేతా అమ్మోనియా అవుతాయి. రాళ్లలో, ఇసుకలో చేరిన బ్యాక్టీరియా దాన్ని నైట్రైట్‌గా, ఆపైన నైట్రేట్‌గా మారుస్తుంది. అమ్మోనియా చంపేస్తుంది కాబట్టి ఈ మార్పు చేపకు ప్రాణభిక్షే. అయితే చివర మిగిలే నైట్రేట్‌లో చాలా భాగం గాజు గోడల మధ్యే పోగుపడుతుంది. చేపలు మాత్రమే ఉన్న ట్యాంక్‌లో లీటరుకు 40 మిల్లీగ్రాముల దాకా చాలామంది ఊరుకుంటారు. పగడాలుంటే 10 లోపు ఉంచాలని చూస్తారు. పూర్తిగా సున్నా చేసినా ప్రమాదమే, పగడాలు పాలిపోతాయి.

ఎన్నాళ్లకోసారి అన్నది తేల్చే లెక్క పలక మీద వేయగలిగినంత సులువు. వారానికి పెరిగే నైట్రేట్‌ను వారానికి మార్చే నీటి వంతుతో భాగిస్తే, ఆ ట్యాంక్ ఏ అంకె దగ్గర నిలబడుతుందో తెలుస్తుంది. 200 లీటర్ల ట్యాంక్‌లో నైట్రేట్ వారానికి లీటరుకు 2 మిల్లీగ్రాములు పెరుగుతోందనుకుందాం. వారం వారం 20 లీటర్లు, అంటే పదో వంతు మారిస్తే, కొన్ని నెలలకు నైట్రేట్ 20 దాకా వెళ్లి అక్కడ ఆగుతుంది. నాలుగు వారాలకోసారి ఒకేసారి 80 లీటర్లు మార్చినా ఎగువ హద్దు అదే 20. తేడా ఊపులో ఉంది. మొదటి పద్ధతిలో అంకె 18కీ 20కీ మధ్య కదులుతుంది. రెండో దాంట్లో 20 నుంచి 12కి ఒక్క పూటలో పడిపోతుంది. ఉప్పదనం, క్షారత, వేడి కూడా దాంతోపాటు ఊగే అవకాశం ఉంది. తగ్గించడానికైతే పెద్ద మార్పుకే బలమెక్కువ: ఒకేసారి 30 శాతం మారిస్తే 30 శాతం పోతుంది, రోజుకు 1 శాతం చొప్పున 30 రోజులు మారిస్తే పోయేది 26 శాతమే. ఆ నాలుగు శాతం వదులుకునైనా మంచి పెంపకందార్లు చిన్న మార్పునే ఎంచుకుంటారు. పగడానికి కావలసింది నిలకడ.

ఇక చేతిపని. ఆర్వో, డీఐ ఫిల్టర్లు దాటి వచ్చిన నీళ్లను ముందురోజే డ్రమ్ములో పట్టి, పవర్‌హెడ్ అనే చిన్న పంపు తిప్పుతూ లీటరుకు సుమారు 36 నుంచి 40 గ్రాముల సాల్ట్ మిక్స్ మెల్లగా పోస్తారు. నీళ్లలో ఉప్పు పోయాలి. ఉప్పు మీద నీళ్లు పోస్తే కాల్షియం విరిగి అడుగున తెల్లగా పేరుకుంటుంది. ఉప్పదనం కొలిచే రిఫ్రాక్టోమీటర్‌లో 35 చూసి, వేడి ట్యాంక్‌తో సమానం చేసి, పాత నీటిని ఇసుకలోని మురికితో సహా గొట్టంతో లాగేసి, కొత్తది సన్నధారగా వదులుతారు. బాగా చేసినవాడి ట్యాంక్‌లో ముడుచుకున్న పగడం కాసేపటికే మళ్లీ విచ్చుకుంటుంది.

ఆవిరైన నీటి సంగతి వేరు. పులుసు మరిగేకొద్దీ ఉప్పు ఎక్కినట్టు, ట్యాంక్‌లో నీరు తగ్గేకొద్దీ ఉప్పదనం పెరుగుతుంది. అక్కడ పోయాల్సింది ఉప్పు లేని ఆర్వో నీళ్లు, అదీ రోజూ. ఈ టాప్ అప్‌నే నీళ్లు మార్చడం అనుకునేవాళ్ల ట్యాంక్‌లో నైట్రేట్ ఒక్క చుక్క కూడా బయటికి పోదు.

ఈ పనికి మొక్కవలసిన చోట్లున్నాయి. సముద్రానికి ఎంతో దూరంలో ఉన్న షికాగోలో 1930లో షెడ్ అక్వేరియం తెరిచినప్పుడు, ఫ్లోరిడాలోని కీ వెస్ట్ నుంచి 20 రైలు ట్యాంకర్లు ఎనిమిది విడతలు తిరిగి 10 లక్షల గ్యాలన్ల సముద్రపు నీరు మోశాయి. కాలిఫోర్నియాలో 1984లో తెరిచిన మాంటెరే బే అక్వేరియం ఇంకా గడుసుది. పగలు సందర్శకుల కోసం వడకట్టిన నీళ్లు, రాత్రి వడకట్టని సముద్రాన్నే లోపలికి తోడుకుంటుంది. ఆ నీళ్లతో వచ్చిన సూక్ష్మజీవులు దాని కెల్ప్ (పెద్ద సముద్రపు నాచు) అడవిలోని ప్రాణులకు తిండి. బెర్లిన్‌లో డీట్రిష్ ష్టూబర్ అనే పెంపకందారు పెంచిన ఒక్క ఆక్రోపోరా పగడం కొమ్మలు కొమ్మలుగా తెగి యూరప్ అంతటి ట్యాంకుల్లో నాటుకుంది. ఇంట్లో సముద్రాన్ని నిలబెట్టినవాడి ఘనత అంటే అదీ.

నీళ్లు మార్చడం సర్వరోగ నివారిణి కాదనడమూ నిజమే. పగడాలు క్షారతను రోజూ తినేస్తాయి. ట్యాంక్‌లో 6 ఉండి కొత్త నీటిలో 8 ఉంటే, పదో వంతు మార్పు దాన్ని 6.2కే తెస్తుంది. మిగతాది సున్నపు తేటతోనో, క్షార ద్రావణాలు కొలిచి పోసే డోసింగ్‌తోనో పూడ్చాలి. జర్మనీలో పుట్టిన ట్రైటన్ పద్ధతివాళ్లు ఇంకో అడుగు వేసి నీళ్లు మార్చడమే మానేశారు. వాళ్లు నీటి నమూనాను ప్రయోగశాలకు పంపి, మూలకాలు విడివిడిగా కొలిపించి, తగ్గినవి మాత్రమే వేస్తారు. నాచు గది పెంచి నైట్రేట్‌ను తినిపిస్తారు. అది క్రమశిక్షణ, దానికి దండం. కానీ ఆ కొలతలేవీ లేకుండా ‘మాది నో వాటర్ చేంజ్ ట్యాంక్’ అని జబ్బలు చరుచుకునేవాళ్లకు ఏ దండమూ పెట్టనక్కర్లేదు. వాళ్లు మానేసింది నీళ్లొక్కటే కాదు, చూడటం కూడా.

బజారు ఈ బద్ధకాన్నే అమ్ముతోంది. కల్లుప్పుకు రంగు సంచీ కట్టి సముద్రపు ట్యాంక్ సాల్ట్ మిక్స్ అంటారు. అందులో సోడియం క్లోరైడ్ తప్ప పగడానికి కావలసిన కాల్షియం, మెగ్నీషియం, క్షారత తగు పాళ్లలో ఉండవు. ఒక సీసా పోస్తే ఆరు నెలలు నీళ్లు ముట్టుకోనక్కర్లేదంటారు. బల్ల మీద గాజు గిన్నెలో క్లౌన్ ఫిష్‌ను వేసి బహుమతిగా కట్టిస్తారు. సముద్రపు అలంకార చేపల్లో ఎక్కువ జాతులు నేటికీ అడవి సొత్తే, దిబ్బల మీద పట్టి తెచ్చినవే. మన సముద్రాల్లోని గట్టి పగడాలైతే వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూల్‌లో ఉన్నాయి, వాటిని పీకి అమ్మడం నేరం. ఇంత దూరం తెచ్చిన ప్రాణి వారానికి ఒక బకెట్ నీళ్లకు నోచుకోకపోతే ఆ తప్పు ఎవరిది?

విశాఖలో కొందరు సముద్రం పక్కనే ఉందిగా అనుకుంటారు. ఆగస్టు దాటాక నదుల వరద నీరు బంగాళాఖాతంలో కలిసి తీరం పొడవునా ఉప్పదనం పడిపోతుంది. హార్బర్ దగ్గర నూనె, మురికి సరేసరి. కొలవకుండా పోసిన సముద్రమూ చంపగలదు. హైదరాబాద్ వాళ్లకు ఆ భ్రమ లేదు కానీ బోరు నీళ్లలో సాల్ట్ మిక్స్ కలిపే తొందర ఉంది.

దుకాణదారులను కోరేది ఇంతే. ట్యాంక్ అమ్మిన రోజే రిఫ్రాక్టోమీటర్, నైట్రేట్ కిట్, పేరున్న కంపెనీ ఉప్పు బిల్లులో చేర్చండి. కొనేవాడికి అది భారమనిపిస్తే మంచినీటి గప్పీ చేపలు చూపించండి. కొనేవాళ్లు నాలుగు వారాలు నైట్రేట్ కొలిచి కాగితం మీద రాసుకోండి. ఆ అంకెలు తీసుకెళ్లి అడిగితే, నీళ్లు ఎన్నాళ్లకోసారి మార్చాలో చెప్పగలిగిన దుకాణం మీ ఊళ్లో ఉందో లేదో తేలిపోతుంది. లేకపోతే చేపలు అక్కడ కొనకండి.