యుద్ధభారమును మోసినవారు: రంగనాథ రామాయణము, గోనవారి శాసనములు

యుద్ధవర్ణనమును గూర్చిన మన విమర్శ సాధారణముగా వీరరసముతో మొదలై వీరరసముతోనే ముగియుచున్నది. నాయకుని పరాక్రమము, శరపరంపరలు, కబంధముల నృత్యము కవి యెట్లు వర్ణించెనో పరిశీలించి తృప్తి చెందుచున్నాము. ఆ సేనకు తిండి పెట్టిన దెవరు? కోటలకు రాళ్లు మోసిన దెవరు? రణము ముగిసిన పిమ్మట ఇంట మిగిలిన దెవరు? ఈ ప్రశ్నలు చరిత్రకారునివని విడిచిపెట్టుచున్నాము. ఈ విభజనము కావ్యమునకే నష్టము కలిగించుచున్నదని మా యభిప్రాయము. కావ్యములనుండి జనజీవనమును వెలికి తీయవచ్చునని ‘ఆంధ్రుల సాంఘిక చరిత్ర’ (1949)లో నిరూపించిన సురవరము ప్రతాపరెడ్డిగారు గద్వాల ప్రాంతమువారే. ఆ మార్గమున నడచి, వారి సీమకు చెందిన యుద్ధసాహిత్యమును ఇచ్చట పరిశీలింప బూనితిమి.

యుద్ధసమాజముల సంబంధమునకు ప్రపంచచరిత్రలో మిక్కిలిగా చర్చింపబడిన ఉదాహరణము ప్రాచీన రోము. అందుచే దానిని కొలబద్దగా గైకొందుము. రోము గణరాజ్యమున సైనికు డనగా సొంత కమతము గల రైతు. కార్తేజితో జరిగిన దీర్ఘయుద్ధములును, సముద్రము దాటిన దండయాత్రలును అట్టి రైతులను ఏండ్లకొలది పొలమునకు దూరము చేసినవి. చిన్న కమతము లెంతవరకు క్షీణించెనను విషయమున నేటి పండితులకు ఏకాభిప్రాయము లేదు. కాని భూమి సమస్య రాజ్యమును కుదిపినదనుట నిజము. క్రీ.పూ. 133లో తిబేరియస్ గ్రాకస్ భూసంస్కరణమునకు పూని ప్రాణమునే కోల్పోయెను. క్రీ.పూ. 107లో మారియస్ ఆస్తిలేనివారిని సేనలో చేర్చుకొనెను. కొలువు ముగిసిన పిదప భూమి యిప్పించు భారము క్రమముగా సేనానిపై బడినది. భూమి యిప్పించువాడే ప్రభువైనందున సైనికుని విశ్వాసము రాజ్యమును వీడి సేనానిని ఆశ్రయించెను. క్రీ.పూ. 49లో సీజరు రూబికాన్ నదిని దాటినపుడు అతని వెంట నడచినది ఈ విశ్వాసమే.

కాకతీయుల కాలమున మన సీమలో భూమికిని ఖడ్గమునకును గల బంధము వేఱొక రీతిది. రుద్రమదేవి, ప్రతాపరుద్రుల కాలమున ప్రబలిన నాయంకర పద్ధతిలో రాజు సేనానికి గ్రామముల ఆదాయమును ముందే యిచ్చును. సేనాని ఆ ఆదాయముతో సైన్యమును పోషించి, పిలుపు వచ్చినపుడు దానితో హాజరు కావలెను. రోములో భూమి సేవాంతమున లభించు ప్రతిఫలము; ఇచట సేవకు ముందే యిచ్చిన పెట్టుబడి. కావున యోధుని బలము అతని గ్రామముల పంటపైనను, పంట చెరువుపైనను ఆధారపడి యుండెను. చెరువు తెగినచో సేన చెదరును. 1323లో ఓరుగల్లు పడిన పిమ్మట ముసునూరివారు, రేచర్లవారు, రెడ్లు స్వతంత్రులై నిలువగలుగుటకు ఈ స్థానికబలమే ముఖ్యకారణము.

నేటి నాగర్‌కర్నూలు జిల్లాలోని నందివడ్డెమానే నాటి వర్ధమానపురము. దానిని ఏలిన గోనవారు ఈ వ్యవస్థకు చెందిన యోధులు. ఆ వంశమున బుట్టిన బుద్ధారెడ్డి పేర వెలసిన ద్విపద రంగనాథ రామాయణము. కవి స్వయముగా పాలకకులమువాడు. యుద్ధమును గ్రంథములయందు మాత్రమే చూచినవాడు కాడు. అట్టివాని కావ్యమున యుద్ధకాండము ఎట్లుండును? వీరవిహారమునకు కొదువ లేదు. అయినను వాల్మీకములో లేని రెండు ఘట్టములు మా దృష్టి నాకర్షించినవి.

మొదటిది ఉడుత కథ. కొండలు మోయు వానరుల నడుమ ఒక ఉడుత సముద్రమున మునిగి, ఇసుకలో పొరలి, ఆ యిసుకను సేతువుపై రాల్చును. రాముడు దానిని చేతబట్టి నిమురును. ఇది భక్తిమహిమను చాటుటకు చెప్పిన కథయే గాని యుద్ధమునకు సంబంధించినది కాదని కొంద రాక్షేపింపవచ్చును. తమిళదేశమున తొండరడిప్పొడి ఆళ్వారు నాటికే ఈ గాథ ప్రసిద్ధము గనుక బుద్ధారెడ్డి కల్పించినది కాదనియు ననవచ్చును. రెండును అంగీకరింపదగినవే. కాని గాథను కల్పించుట యెంత ముఖ్యమో, గ్రహించుటయు నంతే ముఖ్యము. దండయాత్ర నడుమ ఒక అల్పప్రాణి మోతను నిలిపి చూపి, ప్రభువుచేత దానిని గుర్తింపజేయుట యోధకవి యెఱిగి చేసిన పని యని మేము తలంచుచున్నాము.

ఈ యూహకు ఊతమిచ్చునది రాయచూరు కోట. గోన గన్నారెడ్డి అనుచరుడైన విఠలనాథుడు ఆదవాని, తుంబుళము, మానువ, హాలువ దుర్గములను సాధించి ఈ కోటను గట్టించినట్లు 1294 నాటి శాసనము తెలుపుచున్నది. ఆ శాసనశిల పొడవు సుమారు 41 అడుగులు. ఆ గోడపైననే, అంత పెద్ద రాతిని బండిపై నెక్కించి దున్నపోతులచే లాగించు దృశ్యము చెక్కబడి యున్నది. జయమును చాటు రాతి చెంతనే రాతిని మోసిన శ్రమకు చోటు దొరకినది. రోమునగరమున 113లో ప్రతిష్ఠింపబడిన ట్రాజను స్తంభముపై గూడ సైనికులు కలప మోయుట, కోటలు కట్టుట విరివిగా కనబడును. అచట కట్టువాడును పోరువాడును ఒక్కడే. ఇచట లాగినది ఊరి పశుబలము. యుద్ధము ఊరినుండి ఎంత గైకొనెనో ఈ బొమ్మ చెప్పుచున్నది.

రెండవది సులోచన వృత్తాంతము. ఇంద్రజిత్తు భార్య రాముని సన్నిధికి వచ్చి, వేడుకొని, సహగమనము చేయును. శత్రుపక్షపు వితంతువునకు కవి యింత చోటిచ్చుట సామాన్యము కాదు. దీని ప్రక్కన బూదపురపు శాసనము నుంచి చూడవలెను. బుద్ధారెడ్డి కుమార్తె కుప్పాంబిక మల్యాల గుండనాథుని భార్య. భర్త గతించిన పిదప ఆమె 1276లో అతని పేర గుండేశ్వరాలయమును నిలిపి భూదాన మొసగెను. కావ్యములో యోధుని భార్య చితి నెక్కినది. అదే యింట జీవితములో యోధుని భార్య బ్రతికి, ధర్మము నిలిపి, శాసనము వ్రాయించినది. కావ్యమొక్కటే చదువువారు మొదటి స్త్రీనే యెఱుగుదురు. శాసనముతో కలిపి చదివిననే నాటి సమాజము పూర్ణముగా గోచరించును.

ఈ దృష్టితో చూచినపుడు అడివి బాపిరాజు (1895–1952) గారి ‘గోన గన్నారెడ్డి’ నవలయందలి గుణమును లోపమును తేటపడును. వరదారెడ్డి పెండ్లినాడు వరునే యెత్తుకొనిపోవు గన్నారెడ్డి సాహసము, అన్నాంబిక తేజస్సు పాఠకుని పరుగెత్తించును. మరుగుపడిన ఒక సామంతుని తెలుగువారి హృదయమున నిలిపిన ఘనత ఆ నవలదే. కాని అందు సేనలు నాయకుని ఆకర్షణముచేతనే పుట్టుచున్నవి. వానిని పోషించిన గ్రామము, చెరువు, పన్ను కథకు వెలుపలనే యుండిపోయినవి. గన్నారెడ్డి రాజభక్తి కేవలము హృదయధర్మమైనది. భూమి దానిలో పాత్ర కాలేదు.

జానపదుని జ్ఞాపక మిట్లు కాదు. గద్వాల కోట గట్టిన సోమనాద్రి కథలో నిడుదూరు పోరున రాజు గుఱ్ఱము శత్రువుల పాలగును. దానిని తేబోయిన బోయ యొకడు గడ్డిలో దాగియుండగా, గుఱ్ఱమును కట్టుటకు దిగగొట్టిన మేకు అతని చేతిలో దిగును. అతడు కిక్కురుమనక, తుదకు తన చేతిని తానే నరకుకొని గుఱ్ఱముతో మరలి వచ్చి మాన్యము బడయును. ఇది చరిత్రయా, కల్పనమా యను ప్రశ్న కంటె, జనులు దేనిని మఱువలేదో గమనించుట మేలు. రాజవిజయపు కథలో ఒక సేవకుని చేయి, దానికి వెలగా ఒక భూమి నిలిచిపోయినవి. వనపర్తి సంస్థానాధీశుడు పెంచిన ఆఫ్రికా అశ్వికదళము తరువాత నిజాము కొలువు చేరినది. హైదరాబాదులోని ఏ.సీ. గార్డ్స్ పేట ఆ దళముపేర వెలసినదే. వనపర్తి పేరు మాత్రము అందు లేదు. 1949లో జాగీర్ల రద్దుతో ఈ సీమలో భూమికిని ఖడ్గమునకును గల చివరి బంధము తెగినది.

పరిశోధక విద్యార్థులకు మేము చెప్పదలచినది ఒక్కటే. యుద్ధకాండమును చేతబట్టినపుడు, ఆ సీమ శాసనసంపుటమును, గ్రామములలోని వీరగల్లులను, వృద్ధుల నోటి కథలను ప్రక్కన నుంచుకొనుడు. వీరుడు తగ్గిపోడు. అతనిని మోసిన భుజములు కనబడును. ఉడుత వీపుపైనున్న చారలు రాముని కీర్తికి లోపము కాలేదు గదా.