అంజలి బతికి ఉంటే...

'అంజలి' (1990) సినిమాని ఈ మధ్య మా అక్క పక్కన కూర్చుని మళ్ళీ చూశాను. చిన్నప్పుడు టీవీలో ఏడుస్తూ చూసిన సినిమానే. చివర్లో పాప చనిపోతే మళ్ళీ నాకు కన్నీళ్ళాగలేదు. అక్క మాత్రం కొడుకు మూతి తుడుస్తూ, "ముద్దుగా ఉన్నప్పుడే పోయింది కదే ఆ పిల్ల. మనవాడికి ఇరవై రెండు" అంది. అప్పట్నించీ ఆ సినిమాని నేను మామూలుగా చూడలేకపోతున్నాను.

బిడ్డ ఎక్కువ కాలం బతకదని తెలిసిన తండ్రి, పురిట్లోనే పోయిందని భార్యకి అబద్ధం చెప్తాడు. ఆమె తట్టుకోలేదని ఆమె తరఫున తనే నిర్ణయించేస్తాడు. మణిరత్నం దీన్ని ప్రేమగానే చూపించారు. నిజం తెలిశాక ఆమెకి కోపం వస్తుంది గానీ ఆ కోపానికి కథలో చోటెంత? గబగబా 'అమ్మ' అయిపోవాలి. ఇక పాప మరణం కథకి పెద్ద ఉపకారమే చేసింది. ఆ పిల్ల పెద్దమనిషైతే గుడ్డలెవరు మారుస్తారు, తల్లిదండ్రులు పోయాక ఎవరు చూస్తారు అన్నవి చూపించాల్సిన అవసరమే రాలేదు.

'స్వాతిముత్యం' (1986)లో శివయ్య పెద్దవాడే. అక్కడ చాకిరీ నాయనమ్మ చేతుల్లోంచి లలిత చేతుల్లోకి మారుతుంది. అడక్కుండా కట్టిన తాళితో సహా! ఆ అమాయకత్వాన్ని చూసి మురిసిపోయిన మనం లలిత ఎంత అలసిపోయిందో అడిగామా?

అక్కని మొదట అడిగిన ప్రశ్న "మేనరికమా?" తర్వాత "కడుపుతో ఉన్నప్పుడు గ్రహణం చూశావా?" బావనెవరూ ఏమీ అడగలేదు. ఆయన మంచివాడే, ఆదివారాలు వాణ్ణి బండి మీద తిప్పుతాడు. టీచరుద్యోగం మానేసింది మాత్రం అక్క. ఒత్తిడి తగ్గడానికి యోగా చెయ్యమని ఓ కౌన్సిలర్ సలహా ఇచ్చిందట. "ఆ గంటసేపు వీణ్ణి ఆవిడ చూస్తుందా?" అని నవ్వింది అక్క.

1999 నాటి నేషనల్ ట్రస్ట్ చట్టం ప్రకారం, పద్దెనిమిది దాటిన కొడుక్కి సంరక్షకులవడానికి కన్నవాళ్ళు కూడా జిల్లా స్థాయి కమిటీకి దరఖాస్తు పెట్టుకోవాలి. ఆ కాగితాలు ఇన్నాళ్ళూ బీరువాలోనే ఉన్నాయి. సినిమా అయ్యాక అక్క వాటిని తీసి నా ముందు పెట్టింది.

"మా తర్వాత నీ పేరు రాయనా?"

స్త్రీల చాకిరీ మీద నా పరిశోధనకి డాక్టరేట్ వచ్చింది. అక్కకి ఇంకా జవాబు చెప్పలేదు.