మస్కట్ తుపాకులు: రెండు తీర్పులు, ఒక ఉత్తరం

సాహిత్య విమర్శ అంటే కవిత్వం, కథ, నవల అనే మూడు గదుల ఇల్లని మనలో చాలామంది నమ్మకం. నేను బి.కాం. చదివి, ముప్ఫై ఏళ్ళుగా బ్యాంకులో కాగితాలు చూస్తున్నవాణ్ణి. బిల్లు ఆఫ్ లేడింగు, ఇన్వాయిసు, బీమా పత్రం నా నిత్యపారాయణ గ్రంథాలు. విదేశీ వ్యాపారంలో బ్యాంకులకు ఒక సూత్రం ఉంది: మేము కాగితాలతో వ్యవహరిస్తాం, సరుకుతో కాదు. పెట్టెలో ఇనుప మేకులున్నాయో తుపాకులున్నాయో మాకు అనవసరం, కాగితం మీద ఏమని రాసి ఉన్నదో అదే మాకు ప్రమాణం. ఈ అలవాటుతోనే నేను సామ్రాజ్యాల కాలపు తీర్పులను కూడా చదువుతుంటాను. వాటిలో ఎవరు పాత్రగా వస్తారు, ఎవరికి మాట దొరుకుతుంది, ఎవరిని రచయిత తెర వెనక్కి నెడతాడు అని చూస్తే ఒక నవలకు పనికివచ్చే విమర్శ వీటికీ పనికివస్తుందని నా అభిప్రాయం.

మొదటి తీర్పు లండన్ ప్రభువుల సభది. కథ ఇదీ. 1897లో వాయవ్య సరిహద్దున తిరాహ్ కొండల్లో అఫ్రీదీలు తిరగబడ్డారు. వాళ్ళకు తుపాకులు ఎక్కణ్ణుంచి వస్తున్నాయన్న ప్రశ్న లేచింది. వేళ్ళు పర్షియా సింధుశాఖ వైపు, మస్కట్ రేవు వైపు చూపాయి. మన దేశంలో 1878 ఆయుధాల చట్టం వచ్చాక లైసెన్సు లేనిదే మామూలు మనిషి తుపాకి ముట్టరాదు. మస్కట్‌లో మాత్రం అది బియ్యం బస్తా లాంటి సరుకు. ఆ సరుకు తెచ్చేవాళ్ళలో బ్రిటిష్ కంపెనీలే ముందుండేవి. 1898 జనవరి 13న మస్కట్ సుల్తాన్ ఫైసల్ బిన్ తుర్కీ ఒక ప్రకటన చేశాడు. తన జలాల్లో బ్రిటిష్, పర్షియన్, మస్కట్ జెండాల ఓడలను బ్రిటిష్, పర్షియన్ యుద్ధనౌకలు సోదా చేయవచ్చు, హిందూదేశానికో పర్షియాకో పోయే ఆయుధాలుంటే పట్టుకోవచ్చు అని. అదే నెలలో 'బలూచిస్తాన్' అనే బ్రిటిష్ పొగ ఓడను 'లాప్‌వింగ్' యుద్ధనౌక అధికారి కార్ ఆపి, అందులోని ఆయుధ సామగ్రిని దించేశాడు. సరుకు లండన్‌కు చెందిన ఫ్రేసిస్ టైమ్స్ కంపెనీది. ఓడ లండన్ రేవు విడిచిననాటికి ఆ ప్రకటన పుట్టనే లేదు. నావంటివాడి లెక్కలో షిప్‌మెంటు తేదీనాటికి కాగితాలు శుభ్రంగా ఉన్నాయి. కంపెనీ కార్ మీద దావా వేసింది. అప్పీలు కోర్టులో గెలిచింది, ప్రభువుల సభలో ఓడింది. 1902 లా రిపోర్టుల్లో ఆ తీర్పు చదవవచ్చు.

తీర్పు తర్కం చాలా చిన్నది. సుల్తాన్ నిరంకుశ ప్రభువు, ఆయన నోటి మాటే అక్కడి చట్టం, ఆ జలాల్లో ఆ చట్టం ప్రకారం జరిగిన పని అక్కడ న్యాయమైనదే, అక్కడ న్యాయమైన పనికి ఇంగ్లండులో నష్టపరిహారం రాదు. లార్డ్ ఛాన్సలర్ హాల్స్‌బరీ వంటి పెద్దలు కూర్చుని చెప్పిన మాట. న్యాయశాస్త్రంగా చూస్తే దీనికి పేరు పెట్టలేం. నేటికీ ఎక్కడో జరిగిన హాని మీద ఇంకెక్కడో దావా వేసే సందర్భాల్లో దీన్ని తలుస్తుంటారు.

పాత్రచిత్రణగా చూస్తేనే నాకు పేచీ. ఈ తీర్పులో సుల్తాన్ సర్వస్వతంత్రుడు. తన మాటే శాసనమైన తూర్పుదేశపు రాజు. ఈయనే 1898లో ఫ్రెంచివారికి బొగ్గు నిల్వ చేసుకునేందుకు ఒక రేవు ఇచ్చాడు. 1899 ఫిబ్రవరిలో బ్రిటిష్ యుద్ధనౌకలు వచ్చి, రాజభవనం మీద ఫిరంగులు పేలుస్తామని బెదిరించి, ఆ మాటను ఆయన చేతనే వెనక్కి తీసుకునేలా చేశాయి. కర్జన్ ప్రభువు వైస్రాయిగా కొత్తగా వచ్చిన రోజులవి. అంటే ఒకే మనిషి తుపాకులు పట్టుకోమన్నప్పుడు నిరంకుశుడు, బొగ్గుకు చోటిచ్చినప్పుడు తనంతట తాను సంతకం చేసే హక్కు లేనివాడు. రెండో ఘట్టం జరిగి రెండేళ్ళు దాటాక మొదటి వర్ణన రాసిన న్యాయమూర్తులకు ఇది తెలియకపోదు. వారి ముందున్న ప్రశ్న వేరు కనుక దాన్ని ఎత్తుకోలేదంటారు న్యాయవాదులు. సరే. కానీ నవలాకారుడు ఇలా రాస్తే మనం ఊరుకుంటామా? మొదటి అధ్యాయంలో సింహాన్ని, రెండో అధ్యాయంలో పిల్లిని చూపి, రెండూ ఒకే జంతువని పాఠకుడికి చెప్పకపోతే రచనా లోపమనమా?

రెండో తీర్పు హేగ్ నగరంలోనిది, 1905 ఆగస్టు 8 తేదీతో ఉంది. సూర్ రేవు అరబ్బులు తమ తెరచాప ఓడల మీద ఫ్రెంచి జెండా ఎగరేసుకునేవారు. జెండా ఉంటే బ్రిటిష్ నౌక సోదా చెయ్యరాదు. బానిసలున్నా సరే, తుపాకులున్నా సరే. బ్రిటన్, ఫ్రాన్సు కలిసి మధ్యవర్తుల ముందుకు వెళ్ళాయి. ఫ్రాన్సు బ్రస్సెల్సు ఒడంబడికను ధ్రువపరచిన 1892 జనవరి 2 గీత అయింది. అంతకు ముందు జెండా ఎవరికివ్వాలో ఫ్రాన్సు ఇష్టం. ఆ తరువాత దాని రక్షణలో ఉన్నవారికే ఇవ్వాలి. ముందు పొందినవారు ఉంచుకోవచ్చు గాని మరొకరికి బదిలీ చెయ్యరాదు, తమదే అయిన మరో ఓడకైనా సరే మార్చరాదు. ఇది చదివినప్పుడు నాకు నవ్వొచ్చింది. చెక్కు మీద 'బదిలీ చెయ్యరానిది' అని రెండు గీతలు కొట్టే పని నేను రోజూ చేస్తాను. దేశపు పతాకానికి కూడా ఆ గీతలు కొట్టవచ్చునని అంతవరకు తట్టలేదు.

ఈ తీర్పు గద్యం మొదటిదానికంటే మేలు. ప్రతి మాటకూ హద్దు గీసి వాడారు. అయినా ఇందులోనూ సూర్ నావికుడు మాట్లాడడు. అతనికి ఆ మూడు రంగుల గుడ్డ ఏమిటో, అతను ఏ లెక్కన దాన్ని అడిగాడో మనకు తెలియదు. ఈ పత్రిక చదివే యానాం మిత్రులకు మాత్రం ఆ లెక్క విప్పి చెప్పనక్కర్లేదు. 1954 దాకా అదే జెండా వారి ఊళ్ళో ఎగిరింది. శారదా చట్టం వచ్చాక బ్రిటిష్ ఆంధ్రం నుంచి పిల్లల పెళ్ళిళ్ళకు జనం గోదావరి పాయ దాటి యానాం వచ్చేవారు. ఫ్రాన్సు మీద ప్రేమతో కాదు. పక్క జెండా కింద చెల్లని పని ఈ జెండా కింద చెల్లుతుంది కనుక. సూర్ నావికుడిదీ అదే తెలివి అయి ఉండాలి. సరిహద్దు పక్కన బతికే మనబోటివాళ్ళకు ఈ తెలివి పుట్టుకతో వస్తుంది. బరంపురంలో ఉన్న నాకూ ఉంది.

బ్రస్సెల్సు ఒడంబడిక సంగతి ఒక్క ముక్క చెప్పాలి. 1890లో ఆఫ్రికాకు ఆయుధాలు పోకుండా ఉత్తరాన 20వ అక్షాంశం, దక్షిణాన 22వ అక్షాంశం హద్దులుగా నిషేధ ప్రాంతం గీశారు. మస్కట్ 23 దాటి ఉంది. గీతకు అవతల ఉండడం వల్లనే అది అంగడి అయింది. 1844 నాటి వాణిజ్య సంధి చూపించి, మా వర్తకులు ఏ సరుకైనా తెచ్చుకోవచ్చునని ఫ్రాన్సు ఏళ్ళ తరబడి వాదించింది. సముద్రం మీద గస్తీ పెట్టినా రేవులో అమ్మకం ఆగలేదు. చివరికి 1912లో సుల్తాన్ చేత ఒక గిడ్డంగి పెట్టించి, వచ్చిన ఆయుధమల్లా అందులో పెట్టి అనుమతితోనే బయటికి తియ్యాలన్నారు. దానితో గాని వ్యాపారం కుంగలేదు. 1914లో ఫ్రాన్సు ఒప్పుకుంది. ఫిరంగులతో కానిది గిడ్డంగి తాళంతో అయిందన్నమాట. తాకట్టు సరుకు మీద అప్పులిచ్చే మా వృత్తివారికి ఇందులో వింతేమీ లేదు.

ఈ రెండు తీర్పుల్లో దొరకని వర్తకుడి గొంతు నాకు ఒక ఉత్తరంలో దొరికింది. రాసినవాళ్ళలో ఒకడు కవి కావడం విశేషం. ఆర్తర్ రేంబో ఇరవై ఏళ్ళు దాటగానే కవిత్వం మానేసి, ఎర్రసముద్రం ఒడ్డున వ్యాపారంలో దిగాడు. 1886లో లబాతూ అనే భాగస్వామితో కలిసి మెనెలిక్ రాజుకు తుపాకులు చేరవేద్దామని తాజూరా రేవులో బిడారు సిద్ధం చేస్తుండగా, ఆ తీరంలో ఆయుధాలు దిగరాదని ఫ్రాన్సు, బ్రిటన్ ఒప్పందం చేసుకున్నాయి. ఏప్రిల్ 15న ఇద్దరూ ఫ్రెంచి విదేశాంగ మంత్రికి ఉత్తరం రాశారు. పెట్టిన పెట్టుబడి, ఒంటెలకై ఎదురుచూపు, ఆగిన రోజుల నష్టం అన్నీ వరసగా చెప్పుకున్నారు. ఆయుధాల దిగుమతికీ బానిసల ఎగుమతికీ ఏ సంబంధమూ లేదని వాదించారు.

రేంబో అభిమానులు ఈ ఉత్తరాలను చూసి కన్నీళ్ళు పెట్టుకుంటారు, కవి చచ్చిపోయాడని. నాకలా అనిపించదు. ఇది మంచి గద్యం. ఒక్క విశేషణం ఎక్కువ లేదు. అప్పు కోసం మా బ్యాంకుకు వచ్చే అర్జీల్లో ఇంత పొందిక నేను చూడలేదు. కానీ మంచి గద్యం కావడం వేరు, నిజం చెప్పడం వేరు. ఆ తీరంలో ఆయుధాలూ బానిసలూ నడిచిన దారి ఒక్కటే, తోలిన మనుషులూ చాలాచోట్ల ఒక్కటే. ఈ సంగతి అక్కడ ఆరేళ్ళుగా మసలినవాడికి తెలియకుండా ఉండదు. న్యాయమూర్తులు సుల్తాన్‌ను ఎలా అవసరం కొద్దీ పెంచారో, వర్తకుడు తన సరుకును అలాగే అవసరం కొద్దీ కడిగాడు. అయితే వర్తకుడి వాక్యంలో చెమట వాసన ఉంది, న్యాయమూర్తుల వాక్యంలో లేదు. నేను ఉత్తరం వైపే మొగ్గుతాను.

చివరికి అనుమతి దొరికింది. ఈలోగా లబాతూ చనిపోయాడు. 1887 తొలి నెలల్లో రేంబో రెండువేల పైచిలుకు తుపాకులతో షోవా చేరాడు. మెనెలిక్ బేరం తగ్గించాడు, లబాతూ పాత బాకీలని కొంత కోశాడు, మిగిలినదానికి రొక్కం ఇవ్వకుండా హరార్‌లో ఉన్న రాస్ మకొన్నెన్ పేర చీటీ రాసి ఇచ్చాడు. కవి ఆ చీటీ పట్టుకుని హరార్‌కు నడిచాడు.